చొక్కాలో గింజ

చిరిగిన దుప్పటి ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు అతుకులమ్మ బల్ల మీదికి రావాల్సిందే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, దిండు గలీబులు వ్యాన్లలో వచ్చి, ఆమె పనిచేసే లాండ్రీలో ఉతుకు, ఇస్త్రీ అయ్యాక మళ్లీ వ్యాన్లెక్కి పోతుంటాయి. వాటిలో అంచు ఊడినవీ, చిల్లు పడినవీ ఏరి ఆమె గదిలో పడేస్తారు. గదంటే పెద్ద గదేం కాదు. కుట్టుమిషను, ఒక బల్ల, గోడకి దారపు ఉండలు, గాలి రాని కిటికీ. చిల్లు ఎక్కడుందో కళ్లతో వెతికేది కాదామె. దుప్పటిని బల్ల మీద పరిచి అరచేత్తో ఒకసారి రాస్తే చెయ్యే వెళ్లి చిల్లు దగ్గర ఆగేది.

ఈమధ్య అతుకుల కంటే గింజల పని ఎక్కువైంది. బియ్యపు గింజంత నల్లటి బొడిపె, దానికి అటూ ఇటూ వెంట్రుకంత తీగ. ప్రతి దుప్పటి అంచు మడతలోనూ ఒకటి పెట్టి కుట్టాలి. దుప్పట్ల బండి గుమ్మం దాటేటప్పుడు, పైన బిగించిన తెల్ల పెట్టె ఆ గింజలన్నిటినీ దూరం నుంచే పసిగట్టేస్తుంది. ఏ దుప్పటి వచ్చిందో, ఏది పోయిందో ఆఫీసు గదిలో తెర మీద పడుతుంది. విప్పి చూపించక్కర్లేదు, మనిషి నిలబడి లెక్కపెట్టక్కర్లేదు. దాని అసలు పేరు ఇంగ్లీషులో నాలుగక్షరాలు. ఇస్త్రీ దగ్గరి ఆడవాళ్లు గింజ అన్నారు, అదే నిలిచిపోయింది.

పోయిన నెల సూపర్‌వైజరు పని చొక్కాలన్నీ తెచ్చి బల్ల మీద కుప్ప పోశాడు.

"వీటికీ కుట్టమ్మా. ఒకరి చొక్కా ఒకరికి పోతోందని రోజూ గొడవ. గింజ ఉంటే ఎవరిది వాళ్లకి చేరుతుంది."

నిజమే కదా అనుకుంది. కాలరు మడత విప్పి, గింజ లోపల పెట్టి, మళ్లీ కుట్టింది. తన చొక్కాకీ కుట్టుకుంది. పొద్దస్తమానం తెర ముందు నుంచి తల తిప్పడు కాబట్టి ఆ సూపర్‌వైజరుకి ఆడవాళ్లు తెరయ్య అని పేరు పెట్టారు. అతనికి ఆ సంగతి తెలియదు. తెలిసినా ఏమీ అనుకునే మనిషి కాదు.

ఆ తెరయ్యే ఓ ఉదయం గుమ్మంలో నిలబడి, "అతుకులమ్మా, ఒకసారి ఆఫీసుకి రా. మీ తోటికోడల్ని పిలిపించాను. పనిలో పెట్టించింది నువ్వే కదా, నువ్వూ విను," అన్నాడు.

తోటికోడలు ఇస్త్రీలో చేరి ఇంకా ఆరునెలలు కాలేదు. ఆరూ నిండితే పర్మినెంటు. నోరు మూతపడదు కాబట్టి ఆమెని అందరూ వసపిట్ట అంటారు. ఇప్పుడామెకి మూడో నెల. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పర్మినెంటు కాగితం చేతికొచ్చేదాకా లాండ్రీలో ఈ మాట పొక్కకూడదని తోటికోడళ్లిద్దరూ ఒట్టేసుకున్నారు. కడుపుతో ఉన్నదాన్ని ఎవరు ఖాయం చేస్తారు?

ఆఫీసులో వసపిట్ట గోడకి అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది. తెరయ్య కూర్చుని, తెర వంకే చూస్తూ అడిగాడు.

"ఏమ్మా, నువ్వు మాటిమాటికీ బయటికెళ్తున్నావట. నిజమేనా?"

మగవాడు, అందులోనూ పైవాడు, ఇలాంటి సంగతి మొహాన అడిగేస్తే వసపిట్ట ఏం చెప్తుంది? వాళ్లింట్లో ఆ పనికి ఉన్న మాట అదొక్కటే, బయటికెళ్లడం. అత్తగారి దగ్గర్నుంచి చంటిపిల్లలదాకా అలాగే అంటారు.

"అవును సార్," అంది నేల చూపులు చూస్తూ.

"ఒప్పుకుంటున్నావన్నమాట."

"అందరూ వెళ్లేదే కదా సార్."

"అందరూ అప్పుడప్పుడు వెళ్తున్నారు. చూస్తున్నాను. నీ అంత ఎవరూ వెళ్లడం లేదు."

"నాకు కాస్త ఎక్కువ సార్. ఆపుకోలేను."

తెరయ్య మొదటిసారి తెర మీంచి తల తిప్పి చూశాడు. "ఆపుకోలేవా!"

అతుకులమ్మ ఒకడుగు ముందుకొచ్చింది. పిల్ల ఎక్కడ నోరు జారి మూడో నెల అనేస్తుందోనని తనే అందుకుంది. "కొన్నాళ్లు సార్. తర్వాత అదే సర్దుకుంటుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే గంటకోసారి పరిగెత్తేదాన్ని."

"నువ్వూనా!"

"మనిషన్నాక తప్పుతుందా సార్?"

తెరయ్య కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించి, "వెళ్లేటప్పుడు చేతిలో ఏమైనా తీసుకెళ్తావా?" అన్నాడు.

ఇది మరీ విడ్డూరం. వసపిట్ట అతుకులమ్మ వంక చూసింది. ఆమె తల పంకించింది, ఉన్నది చెప్పెయ్యమని.

"చిన్న తువ్వాలు ముక్క సార్. చేతులు తుడుచుకోడానికి."

"మళ్లీ తెస్తావా?"

"తడిసిపోతుందిగా సార్. అక్కడే పడేస్తా."

తెరయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. కోపంగా లేడు. తప్పు చేసినవాళ్లు ఇంత తొణక్కుండా చెప్పడం ఎప్పుడూ చూడనట్టున్నాడు.

"సరే. విన్నాను. పైవాళ్లకి చెప్పక తప్పదు. వాళ్లేదో తేల్చేదాకా నువ్వు బయటికెళ్లడానికి వీల్లేదు."

"అసలుకేనా సార్?"

"అసలుకే."

బయటపడి నాలుగడుగులు వేశాక వసపిట్టకి గొంతు తిరిగొచ్చింది. "అక్కా, ఒంటికెళ్లడానికి కూడా వీడి అనుమతా? అయినా ఎన్నిసార్లు వెళ్లానో వీడికెలా తెలిసింది? తలుపు దగ్గర కూర్చున్నాడా?"

అతుకులమ్మ వెనక నడవా దాకా వెళ్లి తలెత్తి చూసింది. నడవాకి ఎడం పక్క ఆడవాళ్ల బాత్రూంలు, చివర వ్యాన్లు ఆగే షట్టరు. మధ్యలో, పైన, కొత్తగా బిగించిన తెల్ల పెట్టె. ఆమె చెయ్యి దానంతటదే తన కాలరు మీదికి పోయింది. మడతలో గింజ వేలికి తగిలింది.

"నేనే కుట్టానే," అంది.

మర్నాడు వసపిట్ట మంచినీళ్లు ముట్టలేదు. తాగితేనే కదా వెళ్లాల్సొచ్చేది అని దాని లెక్క. ఇస్త్రీ రోలరు దగ్గర ఆవిరి మొహానికి కొడుతూనే ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తడి దుప్పటి చెరో చివర పట్టుకుని రోలరుకి అందించాలి. అందిస్తూ అందిస్తూ వసపిట్ట చేతిలో చివర జారిపోయింది. ఎదురుగా ఉన్న ఇస్త్రీ పెద్దమ్మ దుప్పటి వదిలేసి వచ్చి పట్టుకోకపోతే రోలరు మీదే పడేది.

మోసుకొచ్చి అతుకుల గదిలో దుప్పట్ల కుప్ప మీద పడుకోబెట్టారు. ఇస్త్రీ పెద్దమ్మ గ్లాసుతో నీళ్లు పట్టించబోతే వసపిట్ట పళ్లు బిగించింది.

"తాగవే, చస్తావా ఏంటి!" అంది పెద్దమ్మ.

"తాగితే వెళ్లాలి. వెళ్తే ఉద్యోగం పోద్ది."

అతుకులమ్మ ఉన్నదంతా చెప్పింది, మూడో నెల సంగతి తప్ప. చెప్పక్కర్లేకపోయింది. పెద్దమ్మ పిల్ల కళ్ల కింద వేలితో లాగి చూసి, "ఎన్నో నెల?" అంది. ఇద్దరూ మాట్లాడకపోతే, "సరే, నేనేం వినలేదు," అని తనే ముగించింది. ఆ తర్వాత ఆమెకి అసలు కోపం వచ్చింది. "ఉచ్చ పోసుకోడానికి కూడా లెక్కా? వాడి తెర తగలెయ్య! ఆ గింజ పీకి పారెయ్యి."

"పీకితే చొక్కా లెక్కకి రాదు. ఎవరు పీకారంటే నా దగ్గరికే వస్తారు."

పెద్దమ్మ ఆలోచించింది. "మొన్న ఆ బండి చూడు. దుమ్ము పడకుండా పాత బల్లగుడ్డ కప్పి తోస్తే, ఒక్క దుప్పటీ తెర మీదికి రాలేదని మళ్లీ మళ్లీ తోయించాడు. చివరికి గుడ్డ తీస్తే గాని రాలేదు."

బల్లగుడ్డ అంటే ఇస్త్రీ బల్లలకి వేసే వెండి రంగు గుడ్డ. వేడి కిందికి దిగకుండా దాని మీద లోహపు పూత ఉంటుంది. పాతవి చిరిగితే అతుకులమ్మ దగ్గరికే వస్తాయి. బల్ల కింద ముక్కలు బోలెడున్నాయి.

అతుకులమ్మ వసపిట్ట చొక్కా విప్పించింది. కాలరు వెనక కుట్లు బ్లేడుతో తెంపింది. పూత పోని చోట చూసి రెండు ముక్కలు కత్తిరించి, వాటి మధ్య గింజ పెట్టి, నాలుగంచులూ లోపలికి మడిచి పట్టీలా చేసింది. పూత మీద సూది దిగేటప్పుడు కరకరమంది. పట్టీని కాలరులోకి తోసి, పాత కన్నాల్లోంచే మళ్లీ దారం పోనిచ్చింది. పెద్దమ్మ కాలరుని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"కాస్త బిరుసుగా ఉంది. గంజి అనుకుంటారులే."

వసపిట్ట చొక్కా తొడుక్కుని, రెండు గ్లాసుల నీళ్లు ఏకధాటిగా తాగి, నడవా వైపు వెళ్లింది. ఆ రోజు ఆఫీసు నుంచి పిలుపు రాలేదు. మర్నాడూ రాలేదు.

పెద్దమ్మ నోటికీ తాళం లేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఇస్త్రీ వాళ్లు, ఉతుకు వాళ్లు, మడతల వాళ్లు ఒక్కొక్కరే చొక్కా చంకలో పెట్టుకుని వచ్చేశారు. "నాకూ ఓ పట్టీ వెయ్యి అతుకులమ్మా. నేను లోపల కాస్త ఆలస్యం చేస్తాను." "అది లోపల కూర్చుని పాట పాడుతుందమ్మా, రెండు పట్టీలు వెయ్యి దానికి." "పాడితే నీకేం? నువ్వు నిద్రపోతావుగా!" గదిలో నవ్వులు. అతుకులమ్మ దారం కొసని నోట తడిపి సూదికి ఎక్కిస్తూ తనూ నవ్వింది. తన ఒక్కదాని చొక్కాకి తప్ప అందరికీ వేసింది. తనది ఎప్పుడైనా వేసుకోవచ్చులే అనుకుంది.

వారం తిరిగేసరికి తెరయ్య తనే ఆమె గదికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అతుకులమ్మా, ఏం చెప్పావో గాని మీవాళ్లంతా దారిలో పడ్డారు. మూడు రోజులుగా నువ్వు తప్ప ఒక్కరంటే ఒక్కరు బయటికెళ్లలేదు!"

నవ్వు ఆపుకోడానికి ఆమె దారం పంటితో కొరికింది. "వెళ్లకుండా మూడు రోజులుంటే ఆసుపత్రికి పోవాలి సార్," అనబోయి ఊరుకుంది.

"నీ తోటికోడలి విషయం మాత్రం నా చేతుల్లో లేదు. పైవాళ్లు తీసేయమన్నారు. వారం చివర్లో లెక్క చూసి పంపించేస్తాను. నీకు ముందే చెప్తే బాగుంటుందని వచ్చాను."

సూది ఆగిపోయింది. "ఎందుకు సార్? మీరు వద్దన్న దగ్గర్నుంచి వెళ్లడం లేదు కదా?"

"మానేసింది సరే, పోయిన తువ్వాళ్లు తిరిగి వస్తాయా? హోటలు వాళ్లు రెండు నెలలుగా మొత్తుకుంటున్నారు, తువ్వాళ్లు తగ్గుతున్నాయని. అందుకే వెనక షట్టరు వైపు పెట్టె పెట్టించాం, ఎవరు మోసుకెళ్తున్నారో తెలుస్తుందని. చూస్తే అందరికంటే ఎక్కువ బయటికెళ్లింది ఆ పిల్లే. తువ్వాలు తీసుకెళ్తున్నానని నీ ముందేగా ఒప్పుకుంది. వ్యాను వాళ్లకి ఇచ్చేస్తుంది కాబోలు. నేను దొంగ అనడం లేదమ్మా. పైవాళ్లు అంటున్నారు."

అతుకులమ్మకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. షట్టరు. బయట అంటే ఇతనికి షట్టరు అవతల. ఆపుకోలేను సార్. చేతిలో తువ్వాలు ముక్క. అక్కడే పడేస్తా. ఆ రోజు మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చి మొహాన కొట్టాయి. పక్కన నిలబడి గంటకోసారి తనూ పరిగెత్తేదాన్నని సాక్ష్యం కూడా చెప్పింది.

"సార్, అది బయటికెళ్లలేదు," అంది.

"నీ ముందే ఒప్పుకుంది కదమ్మా!"

"బయటికంటే బయటికి కాదు సార్. బయటికి!" చేత్తో నడవా వైపు చూపించింది. తెరయ్య అయోమయంగా చూశాడు. ఇన్నేళ్లలో ఏ మగవాడి ముందూ అనని మాట, ఇప్పుడు గొంతులో అడ్డం పడింది. మింగితే పిల్ల మీద దొంగ ముద్ర పడుతుంది. "బాత్రూంకి సార్! ఉచ్చకి! మా ఇంట్లో దాన్నే బయటికెళ్లడం అంటాం. మీరు అడిగింది అదే అనుకున్నాం. మీ పెట్టె కిందనుంచే కదా బాత్రూంకి దారి."

తెరయ్య నడవా వైపు తిరిగి చూశాడు. "పెట్టె చూసేది షట్టరుని."

"షట్టరుకి ముందు మమ్మల్ని చూస్తోంది. నా చొక్కాలో గింజ ఉంది. మీరు తెర దగ్గర కూర్చోండి, నేను వెళ్లొస్తాను."

వెళ్లింది. షట్టరు మూసే ఉంది. బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఎలాగూ వచ్చింది కాబట్టి పని కూడా కానిచ్చుకుంది. తిరిగొచ్చేసరికి తెరయ్య ఆఫీసులో లేడు. నడవా చివర షట్టరు సగం ఎత్తి, వంగి, వ్యాన్లు ఆగే చోట ఆమె కోసం వెతుకుతున్నాడు.

"ఇక్కడున్నాను సార్."

అతను లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. తలెత్తి పెట్టె వంక చూశాడు, బాత్రూం తలుపు వంక చూశాడు. "నువ్వు బయటికెళ్లినట్టే పడింది," అన్నాడు మెల్లగా. "ఆ పిల్లతో చెప్పు, భయపడొద్దని. పైవాళ్లతో నేను మాట్లాడతాను. తప్పు పెట్టెదే."

అతుకులమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"కానీ మరి మూడు రోజులుగా నువ్వు తప్ప ఎవరూ ఎందుకు పడలేదు?"

అబద్ధం ఆడొచ్చు. ఆడితే, తువ్వాళ్లు పట్టుకెళ్లడం మానేశారు కాబట్టే తెర మీద పడలేదని మళ్లీ అదే కథ. ఉన్నది చెప్పేసింది. బల్లగుడ్డ పట్టీల గురించి చెబుతుంటే అతను కోప్పడలేదు. ఆసక్తిగా విన్నాడు. అంతా విన్నాక గడ్డం గోక్కుంటూ, తనలో తనే అనుకున్నట్టుగా అన్నాడు.

"అంటే, పెట్టెని కొంచెం ఇటు తిప్పితే, ఎవరు ఎంతసేపు లోపల ఉంటున్నారో కూడా తెలుస్తుందన్నమాట."

ఆమె అతని మొహం చూసింది. వెటకారం లేదు, దురుద్దేశం లేదు. కొత్త పనిముట్టు చేతికొచ్చిన మనిషి మొహం.

"పైవాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, పని వేళలో ఎవరెంత సమయం పాడు చేస్తున్నారో చెప్పమని. సరే, నువ్వు ఆ వెండి పట్టీలన్నీ విప్పెయ్యి. సాయంత్రానికల్లా విప్పేస్తే ఈ సంగతి నేను పైకి పోనివ్వను."

మధ్యాహ్నం చొక్కాలన్నీ మళ్లీ ఆమె బల్ల మీదికొచ్చాయి. ఆడవాళ్లు ఈసారి నవ్వలేదు. వసపిట్ట ఆఖర్న వచ్చి తన చొక్కా అన్నిటి పైన పెట్టింది.

"నా మూలానే ఇదంతా. విప్పెయ్ అక్కా. ఉద్యోగం నిలబడింది, అది చాలు నాకు. వెళ్లినప్పుడల్లా పరిగెత్తి వస్తాలే."

"నీళ్లు తాగావా?"

"తాగుతాలే."

"తాగావా అని అడిగాను."

వసపిట్ట గుమ్మం వైపు తిరిగింది. వెళ్లిపోయింది.

అతుకులమ్మ మొదటి చొక్కా తీసుకుంది. బ్లేడు కొసని కుట్టు కిందికి పోనిచ్చి తెంపింది. వెండి పట్టీ బయటికి లాగింది. గింజ నల్లగా ఆమె అరచేతిలో పడింది. దాన్ని మళ్లీ కాలరులో పెట్టి కుట్టాలి. ఆ బల్ల మీద ఎవరేం పెట్టినా ఇన్నాళ్లూ ఎందుకని అడగలేదు. ఆసుపత్రి దుప్పట్ల మీద మరకలు చూసి ఎవరివని అడగలేదు. చొక్కాలకి గింజలంటే తారుమారు కాకుండా అన్నారు, కుట్టింది. సూదికి దారం ఎక్కించి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత గింజని పక్కనున్న ప్లాస్టిక్ గిన్నెలో వేసి, ఉత్త కాలరుని కుట్టేసింది.

రెండో చొక్కా తీసుకుంది. మూడోది. తెంపడం, తియ్యడం, గిన్నెలో వెయ్యడం, కుట్టడం. ఆఖర్న తన చొక్కా విప్పి, తన గింజ కూడా తీసింది. ఒక్కొక్క చొక్కా తట్టి, మడిచి, దొంతర పెట్టింది. సూపర్‌వైజరుకి ఇవ్వడానికి గిన్నె బాగుండదేమో, బొత్తాల రేకు డబ్బాలో పోస్తే పద్ధతిగా ఉంటుందని ఒకసారి అనిపించింది. రేకులో పెడితే పెట్టెకి కనబడవని గుర్తొచ్చి, గిన్నెతోనే లేచింది.

ఆఫీసుకి దగ్గర దారి వదిలేసి వెనక నడవా చుట్టూ తిరిగి వెళ్లింది. తెల్ల పెట్టె కింద ఆగి, గిన్నెని రెండు చేతులా కాస్త పైకెత్తి పట్టుకుని, మళ్లీ నడిచింది.

ఆమె గుమ్మం చేరేలోపే తెరయ్య ఎదురొచ్చాడు. "అందరూ ఒక్కసారిగా బయటికెళ్లారేంటి! ఏమైంది? మంటలేమైనా..."

అతని వెనక, గోడ అవతల, రోలర్లు ఎప్పటిలాగే ఆవిరి చిమ్ముతున్నాయి. ఎవరో ఎవర్నో దుప్పటి కొస సరిగ్గా పట్టుకోమని తిడుతున్నారు. అతనికీ వినబడింది. ఆగాడు.

ఆమె లోపలికెళ్లి గిన్నె అతని బల్ల మీద పెట్టింది. "విప్పమన్నారు, విప్పాను సార్."

"వెండి పట్టీలు విప్పమన్నాను."

"అవీ విప్పాను. దుప్పట్లకి ఎన్ని కుట్టమన్నా కుడతాను. తువ్వాళ్లకీ కుడతాను. మనుషులకి కుట్టలేను సార్."

"నువ్వు కాకపోతే ఇంకొకరు కుడతారు."

"కుట్టనివ్వండి సార్."

తెరయ్య గిన్నెలోకి చూశాడు, తెర వంక చూశాడు. కోపం తెచ్చుకోవాలో వద్దో తేలని మనిషిలా కుర్చీలో కూలబడ్డాడు. "నేను పైవాళ్లకి ఏం చెప్పుకోను? పట్టపగలు పనివాళ్లంతా బయటికెళ్లినట్టు పడింది."

"బాత్రూంకెళ్లారని చెప్పండి సార్."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గాని ఆగలేదు. చేత్తో మొహం తుడుచుకుని, "వెళ్లు," అన్నాడు. "రేపు మాట్లాడదాం."

రేపు ఏం మాట్లాడతాడో ఆమెకి తెలియదు. ఉండమనొచ్చు, పొమ్మనొచ్చు. వెనక నడవా మీదుగానే తిరిగి వచ్చింది. బాత్రూం దగ్గర వసపిట్ట ఎదురైంది. తడి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటోంది.

"ఏమన్నాడక్కా?"

"రేపు చెప్తాడట. నీళ్లు తాగావా?"

"ఇందాక పెద్దమ్మ చెంబు పట్టుకుని మీద పడింది. తాగా."

"మరి ఎందుకా పరుగు? నెమ్మదిగా నడు. నేల తడిగా ఉంది."

వసపిట్ట నాలుగడుగులు నెమ్మదిగా నడిచి, వెనక్కి తిరిగి చూసి నవ్వి, ఇస్త్రీ వైపు వెళ్లింది. అతుకులమ్మ బాత్రూంలోకెళ్లి తలుపు గడియ వేసుకుంది. పెద్ద అవసరమేం లేదు. ఉదయం నుంచీ వంగి కుట్టిన నడుము నొప్పిగా ఉంది. గోడకి ఆనుకుని, పైనుంచి పంపు నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటే వింటూ, నొప్పి తగ్గేదాకా అక్కడే ఉంది.